బావకు రెండు రాత్రి భోజనాలు

మా బావ సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అందరికంటే ముందు కదిలే బండి ఆయనదే కాబట్టి కోడి కూయకముందే లేస్తాడు. పడుకునేది మాత్రం వీధి వీధంతా సద్దుమణిగాకే. అక్క టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు. షట్టరు దించి ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోతుంది. ఆమె వచ్చాకే ఇద్దరూ కంచాల ముందు కూర్చుంటారు. కాపురం పెట్టిన నాటి నుంచీ అదే పద్ధతి. తినడం, చెయ్యి కడుక్కోవడం, నడుం వాల్చడం.

ఈ ఏడు డిపో వైద్య పరీక్షలో బావకు షుగరు ఎక్కువని తేలింది. మూడు నెలల్లో తగ్గకపోతే స్టీరింగు మీద నుంచి దింపి, షెడ్డులో బండ్లు కడిగే పనికి వేస్తామన్నారు. 

మేం వాళ్ళ కింది వాటాలోనే ఉంటాం. జీవరసాయన శాస్త్రం చదివినదాన్ని కదా, పసిదాన్ని భుజాన వేసుకుని పైకి వెళ్ళి చెప్పాను. పొద్దు వాలేకొద్దీ చక్కెరను సర్దుకునే శక్తి ఒంటికి తగ్గుతుంది. అదే అన్నం పెందలాడే తింటే ఒకలా, పడుకునే ముందు తింటే ఒకలా పనిచేస్తుంది. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ మందగిస్తుంది, మర్నాడు ఆకలీ ఎక్కువవుతుంది.

"మరి నీ కూతురు రాత్రంతా పాలు తాగుతూనే ఉంటుందిగా? దాన్నీ పరీక్షకు పంపు," అన్నాడు బావ.

నవ్వాను గానీ, దానికేమైనా అయిందేమోనని వెంటనే అరిచేతులు తడిమి చూశాను.

ఆ రోజు నుంచి బావ దీపాలు పెట్టే వేళకే తినేసేవాడు. నెల తిరిగాక చూపిస్తే షుగరు ఇంకాస్త పెరిగింది. నాకు మతిపోయింది.

"నిజం చెప్పు బావా, ఏం తింటున్నావు?"

"నువ్వు చెప్పిందే, చెప్పిన వేళకే."

"ఆ తర్వాత?"

బావ అక్క వంక చూశాడు.

"ఒక్క ముద్దేనే," అంది అక్క. "నేను ఒక్కదాన్నే తింటుంటే చూడలేక ఎదురుగా కూర్చుంటాడు."

"ఒక్క ముద్దతో లేచే మనిషేనా, అక్కా?"

"పెట్టేది ఆవిడేగా!" అన్నాడు బావ. "వద్దంటే మూతి ముడుస్తుంది."

అలా రోజూ రెండు రాత్రి భోజనాలు. నేను చెప్పిన వేళకు అక్క షాపులో కత్తెర పట్టుకుని ఉంటుంది.

చివరికి ఆమే దారి చూసింది. ఇప్పుడు బావ సాయంత్రం క్యారియరు తీసుకుని షాపుకు వెళ్తాడు. కటింగ్ బల్ల మీది గుడ్డలు పక్కకు జరిపి, పాత పేపరు పరిచి ఇద్దరూ తింటారు. "కొత్త జంట వచ్చిందిరోయ్!" అని కుట్టేవాళ్ళు ఆటపట్టిస్తారు. తిన్నాక ఆయన ఇంటికొచ్చి పెందలాడే పడుకుంటాడు.

మూడో నెలలో షుగరు దిగింది. పూర్తిగా కాదు, స్టీరింగు నిలిచేంత. ఇంకో ఆరు నెలలు ఇలాగే చూద్దామన్నాడట డిపో డాక్టరు.

"ఇంకో ఆరు నెలలా!" అక్క గోడకు చేరగిలబడింది. "ఇంటికొస్తే పలకరించే దిక్కుండదే. పొద్దున నేను లేచేసరికి వెళ్ళిపోతాడు. పోనీలే, పని నిలబడింది."

బావ కూర్చున్నచోటే నిద్రపోయాడు. మెడ పట్టేస్తుందని లేపబోయాను.

"ఉండనీవే," అంది అక్క. "ఇవాళ షాపుకు సెలవు. కాసేపు ఇక్కడే కూర్చుంటాను."