రోథెన్‌బర్గ్ చౌరస్తాలో పద్మ

ఏడో నెల గర్భిణి అయిన భార్యను సంగారెడ్డిలో వాళ్ళమ్మగారింట్లో దింపి, కంపెనీ ఖర్చుతో జర్మనీ చూసొచ్చిన ఘనుణ్ణి నేను. అదీ వాడగా మిగిలిన ఫిల్ముతో. రీలులో ఇరవై ఫొటోలు ఆమె శ్రీమంతానికే అయిపోయాయి. మిగిలిన పదహారు చాలవా, కొత్త రీలు దండగ అనుకున్నాను. కిరాణా కొట్టులో పెరిగిన బుద్ధి. దయ్యాలంటారా, చేత్తో పట్టి చూడలేని సరుకును నేనెన్నడూ నమ్మలేదు.

తొంభైల నాటి సంగతి. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి సామాన్లు కొనడం నా ఉద్యోగం. కొత్త యంత్రం చూసి రమ్మని పది రోజులు పంపారు. పద్మ వద్దనలేదు.

"ఊర్లన్ని ఫొటోలు తీస్కరండి. మంచంల పండుకొని సూస్త" అంది.

ఊరికొక్క ఫొటో చొప్పున తీశాను. న్యూరెంబర్గ్‌లో కోట, వుర్జ్‌బర్గ్‌లో వంతెన. శనివారం రోథెన్‌బర్గ్ వెళ్ళాను. సన్నగా తుంపర పడుతోంది. ఎర్ర పెంకుల ఇళ్ళు తడిసి మెత్తబడినట్టున్నాయి. చౌరస్తా నిండా మనుషులు, చప్పుడు మాత్రం లేదు. నిద్రలో నడుస్తున్నట్టనిపించింది. గడియారపు గోపురాన్ని ఫొటో తీశాను. ఎక్కణ్ణుంచో కొత్త చీర గంజి వాసన వచ్చింది.

వాన పెరిగితే గొడుగు కోసం ఒక దుకాణంలోకి దూరాను. శనివారం రెండింటికి కొట్లు కట్టేస్తారట. కట్టేసే వేళ బేరం బాగా తెగుతుందని నాకు చిన్నప్పుడే తెలుసు. భాష రాకపోయినా వేళ్ళతో బేరమాడి ధర తగ్గించాను. ఆ గొడుగును సాయంత్రం రైల్లో మరిచిపోయాను. సిగ్గేసి గొడుగు కొన్న సంగతే ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాకే తెలిసింది. అదే శనివారం పద్మకు రక్తం పోయింది. సాయంత్రం ఐదు గంటలకు ఆస్పత్రిలో చేర్చారు. ఆరు దాకా తెలివి లేదు. పాప దక్కలేదు.

నెల తర్వాత పటాన్‌చెరు స్టూడియోలో ఫొటోలు తీసుకున్నాను. స్టూడియో యాదగిరి ఒకటి పట్టుకుని నవ్వాడు.

"సేట్, గీ మేడం ఎవలు? ఆడగూడ మనోళ్ళే దొరికిన్రా?"

గోపురం కింద, తడి రాళ్ళ మీద, పసుపు చీరలో ఒక ఆమె పక్కకు తిరిగి ఉంది. కొంగు చాటున చేతుల్లో ఏదో పొదువుకుంది.

"శ్రీమంతం ఫొటో దీని మీద పడ్డట్టుంది" అన్నాను.

"పడితే ఎనక గోడ, కుర్చీ గూడ పడాలె గద సేట్. జెర నెగటివ్ సూడు."

చూశాను. శుభ్రంగా ఉంది, ఒకదాని మీద ఒకటి పడ్డ జాడ లేదు. ఆ పసుపు చీర నేను వెళ్ళిన మర్నాడు వాళ్ళమ్మ కొన్నది. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు కట్టుకున్నది అదే. ఫొటోలో గడియారం రెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మన దేశంలో అప్పుడు సాయంత్రం ఐదూ ఇరవై.

దాచుదామనుకున్నాను. పద్మే సంచిలోంచి తీసుకుంది. ఉలిక్కిపడలేదు. వేలితో ఆ రాళ్ళను తడిమింది.

"ఇగో, గీడనే నడిచిన. పాప పండుకున్నది. మీరు గొడుగు బేరం చేస్తున్రు. మూడుసార్లు పిలిచిన. ఇనలే."

ఇది ఎలా జరిగిందో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. లెక్క మాత్రం తెలుసు. ఆ బేరంలో నాకు మిగిలింది వాళ్ళ డబ్బులో నాలుగు మార్కులు. దానికి పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నేను గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాను.