ఉలవ వేళ్ళలో అయిదుగురు

కుక్కర్ మూత తీయగానే వచ్చే ఉడికిన ఉలవల వాసన, మట్టిదో గింజదో తేల్చుకోలేని ఆ వాసన, నాకు ఆకలి కంటే ముందు విసుగును గుర్తుచేస్తుంది. నిన్న మా ఇంట్లో ఉలవలు ఉడకబెట్టి తాలింపు వేసి గుడాలు చేశారు. పళ్ళెం ముందుకు రాగానే ప్రమీలా మేడం గొంతు మళ్ళీ నా చెవిలో వినిపించింది: "చారలు లెక్కపెట్టినవ్, మంచిదే. అవి ఎవరెవరియో చెప్పు." ఆమెను ఎరగనివారికి ఆమె గురించి చెప్పాలంటే ఈ మాట దగ్గరే మొదలుపెట్టాలి. 1996లో నా జీవితం సరిగ్గా ఈ మాట దగ్గరే ఆగిపోయింది.

ప్రమీలా మేడం నా పరిశోధనకు గైడు. చిక్కడపల్లిలో, పెద్ద రోడ్డు నుంచి రెండు మలుపులు లోపలికి, తరాలుగా వాళ్ళదైన ఇంట్లో ఉండేవారు. నాది అశోక్‌నగర్‌లో కిరాయి గది. ప్రయోగశాలలో తేల్చవలసిన సంగతులను ఆమె ప్రయోగశాలలో తేల్చేవారు కారు. "ఇంటికి రా, గుడాలు తినుకుంట మాట్లాడుదాం" అనేవారు. ఆదివారం పొద్దున వెళితే వెనక వంటింట్లోంచి ఒక ముసలావిడ పళ్ళెం తెచ్చి, ఏమీ మాట్లాడకుండా నా ముందు పెట్టి వెళ్ళిపోయేది. మేడం ఆమెను పెద్దమ్మ అని పిలిచేవారు కనుక నేనూ పెద్దమ్మ అనేవాణ్ణి. అంతకు మించి నాకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోనూ లేదు.

ఉలవ మొక్కను జాగ్రత్తగా పెకలిస్తే వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి. మంచి బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు దూరపు చుట్టమైన ఒక ప్రోటీనుది. దాన్ని తయారుచేసే జన్యువు ఒంటరిది కాదు, ఒక కుటుంబం. ఎన్నడో ఒక పాత జన్యువుకు నకళ్ళు పుట్టి, ఆ నకళ్ళు బుడిపెలో కొత్త కొలువుకు కుదురుకున్నాయి. ఉలవలో ఆ కుటుంబ సభ్యులెందరు, ఎవరి నుంచి ఎవరు వచ్చారు అన్నదే నా థీసిస్. డీఎన్ఏను కత్తెరలాంటి ఎంజైముతో ముక్కలు చేసి, పొడవును బట్టి వరసగా విడదీసి, పలుచని నైలాన్ పొర మీదకు ఎక్కించి, రేడియోధార్మికత అంటించిన జన్యువు ముక్కను దానిపై వదిలితే, అది తన చుట్టాలను వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్న చోటల్లా ఎక్స్-రే ఫిల్ము మీద నల్లటి చార పడుతుంది. నా ఫిల్ము మీద అయిదు చారలు పడ్డాయి. కాబట్టి అయిదు జన్యువులు అని రాశాను.

నెలాఖరుతో నా రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఆ మరుసటి వారం ఒక కాలేజీలో లెక్చరర్ ఇంటర్వ్యూ ఉంది. థీసిస్ సమర్పించినట్టు కాగితం చూపిస్తేనే లోపలికి రానిస్తారు. కావలసింది మేడం సంతకం ఒక్కటే. ఆమె చివరి అధ్యాయం దాకా చదివి, కలం మూత తీయకుండానే తలెత్తారు.

"అయిదని ఎట్ల రాసినవయ్యా?"

"అయిదు చారలున్నయ్ మేడం."

"చార అంటే మనిషా? ఒకసారి ఇంటింటికి జనాభ లెక్కలు రాసుకునేటాయన వచ్చి ఈ కుర్చీలనే కూసున్నడు. మా చెల్లెను ఒకరు బుజ్జి అన్నరు, ఇంకొకరు అనసూయ అన్నరు. ఆయన ఇద్దరని రాసుకున్నడు. మనిషి ఒక్కతే! నీ కత్తెర ఒక జన్యువును నడుమకు కోసిందనుకో, దానికి రెండు చారలు పడయా?"

"పడొచ్చు మేడం. కానీ పడ్డయని ఏముంది?"

"పడలేదని ఏముంది?"

అంతటితో ఊరుకున్నా క్షమించేవాణ్ణేమో. ఆమె ఆ అధ్యాయంలో నేను పెట్టిన ఫిల్ము ఫొటోను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, కింది అంచు మీద వేలు పెట్టారు. "ఈడెందుకు కత్తిరించినవ్?"

"అడుగున మరక ఉండె మేడం. మంచిగ కనపడలేదని తీసేసిన."

"అన్ని ఫిల్ముల మీద ఉందా?"

"ఉంది."

"మరక ప్రతిసారి అదే జాగల పడతదా?"

జవాబు లేని ప్రశ్నలు వేయడం గొప్ప కాదని, గడువు ఉన్నవాడితో వేయకూడదని నాకు ఆనాడూ అనిపించింది, ఈనాడూ అనిపిస్తుంది. ఆమె తన చేత్తోనే ఉత్తరం రాసి నాకు మూడు నెలల గడువు ఇప్పించారు. ఇంటర్వ్యూకు మాత్రం ఎవరూ గడువు ఇవ్వలేదు. ఆ ఉద్యోగం మరొకరికి వెళ్ళింది. ఆ రోజు నేను పొరలు కడుగుతూ ఉన్నాను.

జన్యువు ముందు సగంతో ఒకసారి, వెనక సగంతో ఒకసారి వెతికాను. రెండో చార ముందు సగానికే పలికింది, నాలుగో చార వెనక సగానికే. మిగిలిన మూడూ రెండింటికీ పలికాయి. అంటే రెండోదీ నాలుగోదీ కత్తెర నడుమకు కోసిన ఒకే జన్యువు. నా అయిదు నాలుగయింది. పొరను తక్కువ వేడిలో కడిగితే దూరపు చుట్టాలు కూడా జారిపోకుండా నిలుస్తారు. అలా కడిగితే నేను కత్తిరించి పారేసిన మరక స్పష్టమైన చారగా నిలబడింది. బుడిపెలే లేని లేత వేళ్ళలోనూ, ఆకుల్లోనూ ఆ జన్యువు పని చేస్తూనే ఉంది. బుడిపెల కొలువు పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉన్న పాత మనిషి అది. నాలుగూ ఒకటీ అయిదు.

నారాయణగూడలో నా థీసిస్ టైపు చేసే యాదగిరి సవరించిన కాగితాలు తిరగేసి నా ముఖంలోకి చూశాడు. "అన్నా, మళ్ళ అయిదేనా? మరి ఇన్ని దినాలు ఏం పీకినవ్?" అన్నాడు. నేను కాగితాలు అతని చేతిలోంచి లాక్కుని టైపు మిషను పక్కన పెట్టాను.

అదే కోపంతో ఆదివారం చిక్కడపల్లి వెళ్ళాను. మేడం చదివి, ఈసారి కలం మూత తీసి, సంతకం చేశారు. నేను ఉండబట్టలేక అన్నాను: "అంకె మారలే మేడం. నౌకరి మాత్రం పోయింది."

"అంకె మారలే. మనుషులు మారిన్రు," అన్నారు ఆమె తాపీగా. "ఆ లెక్కలాయన సంగతి నీకు సగమే చెప్పిన. ఇంట్ల మేము ఏడుగురం. ఆయన రాసుకున్నది గూడ ఏడే. చెల్లెను రెండుసార్లు రాసిండు గద, మరి ఏడెట్లయింది?"

నేను వేళ్ళ మీద లెక్కపెడుతుండగా పళ్ళెం వచ్చింది.

"నన్ను రాయలే," అంది పెద్దమ్మ. మూడేళ్ళలో నాతో ఆమె అన్న మొదటి మాట అది. "వంటింట్ల ఉంటిని. ఎవ్వరు అడగలే."

ఆ ఇంట్లో అందరినీ ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె. ఆ సంగతి మేడం అప్పుడు చెప్పారు. గుడాలు వేడిగా ఉన్నాయి, నేను ముట్టుకోలేదు.

"పెద్దమ్మా, మీ పేరేంది?"

"ఏం, రాస్తవా?" అని కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "లక్ష్మీబాయి."

రాశాను. కృతజ్ఞతల పేజీ ఒక్కటీ మళ్ళీ టైపు చేయాల్సి వచ్చింది. యాదగిరి నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

నిజం చెప్పాలి. ఆ రోజు సంతకం పెట్టి, తప్పు తర్వాత దిద్దుకోమని చెప్పి ఉంటే మేడం సొమ్మేం పోయేది కాదని నేటికీ నమ్ముతాను. మరో ఉద్యోగం దొరకడానికి రెండేళ్ళు పట్టింది. ఆమె పోయాక కూడా ఆ విషయంలో నేను మెత్తబడలేదు. కానీ ఇప్పుడు నా విద్యార్థులు చక్కగా కత్తిరించిన ఫొటో తెచ్చి, కింద ఒక అంకె రాసి, సంతకం కోసం నిలబడతారు. వాళ్ళకూ గడువులుంటాయి, ఇంటర్వ్యూలుంటాయి. నేను కలం మూత తీయను. అంకె చదవను. అంచు మీద వేలు పెట్టి, ఇక్కడ కత్తిరించిన ముక్క ఏదని అడుగుతాను.