ముగ్గురు బుల్లమ్మలు

రాష్ట్రం సరిహద్దు అవతల, తర్రెం దాటి అడవి లోపలికి వెళ్తే, తెలుగువాళ్ల ఇళ్లు పట్టుమని పది కూడా లేని గూడెం ఒకటుంది. అక్కడ బుల్లమ్మ నోటికి ఎదురు లేదు, ఒక్క తోటికోడలు నాగలక్ష్మి దగ్గర తప్ప. దానికి కారణం పోయినసారి జనాభా లెక్కలు. ఆ మాఘమాసంలో బుల్లమ్మ చర్ల వైపు మిరపకాయలు ఏరడానికి వెళ్లింది. ఇంటికి తాళం చూసి లెక్కలవాళ్లు తిరిగిపోయారు. మిరపతోటలో ఆమెను లెక్కపెట్టడానికి ఎవరూ రాలేదు.

అప్పటినుంచి బోరింగు దగ్గర తగవు ముదిరితే చాలు, నాగలక్ష్మి ఒక్క మాటతో ఆమె నోరు మూయించేది.

"అక్కా, సర్కారు లెక్కల లేనిదానివి, నీకెందుకీ ముచ్చట?"

మళ్లీ లెక్కలు వస్తున్నాయని తెలిసి, ఈసారి బుల్లమ్మ మిరప కూలికి పోలేదు. "మిరపకాయలు యేటా కాస్తయ్. లెక్కలు యేటా వస్తయా?" అంది. బడిపంతులు ప్రవీణ్‌కుమార్ లెక్కలెక్కించే ఫోన్ పట్టుకుని వచ్చేసరికి తలకు నూనె రాసి, పెట్టెలో దాచిన చీర కట్టుకుని గడపలో కూర్చుంది. పేరు, వయసు చెప్పింది. భాష తెలుగంది. ఆయన ఫోన్‌ని వేలితో నాలుగు పొడుపులు పొడిచి లేచాడు.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయింది పెద్దమ్మా."

బుల్లమ్మకు తృప్తి కలగలేదు. ఇన్నేళ్ల అవమానం ఇంత సులువుగా తీరుతుందా? పైగా ఇక్కడి సిగ్నల్ సంగతి ఆమెకు తెలుసు. ఫోన్ మింగడమైతే మింగింది. కక్కకపోతే?

మర్నాడే బస్సెక్కి బచేలీలో కూతురు స్రవంతి ఇంటికి వెళ్లింది. అక్కడ లెక్కలకు వచ్చిన మేడమ్ "మాతాజీ" అనగానే కరిగిపోయి, తనుండేది ఆ ఇంట్లోనేననీ, తన భాష హిందీ అనీ చెప్పేసింది. స్రవంతి నోరు తెరవబోతే కాలు తొక్కింది. అక్కణ్ణించి జగర్గుండాలో ఒంటరిగా ఉండే చెల్లెలి దగ్గరికి చేరింది. అక్కడివాళ్ల దోర్లీ భాషలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, దోర్లీ మనిషిగా లెక్కలోకెక్కింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. తిరిగొచ్చి సంతలో నాగలక్ష్మిని నిలబెట్టింది.

"నువ్వు ఒక్కదానివే. నేను ముగ్గుర్ని. ఇకమీద నాతోని మాట్లాడేటప్పుడు 'మీరు' అనాలె."

నాగలక్ష్మి అటునుంచటే బడికి వెళ్లి ప్రవీణ్‌కుమార్ చెవిన వేసింది. ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఏంది పెద్దమ్మా నువ్వు చేసింది? మనిషి ఒక్కకాడనే ఉండాలె. పైవాళ్లకు తెలిస్తే నా గతేంగాను?"

"పోయినసారి నేను సున్న. అప్పుడు ఒక్క సారు ఉరికి రాలే. ఇయ్యాల మూడైతే ఉరికొచ్చినవా?"

ప్రవీణ్‌కుమార్ అరుగు మీద కూలబడి మంచినీళ్లడిగాడు. తాగాక ఆయనకే నవ్వొచ్చింది.

"సరే, రెండుకాడ తీసేయిస్త. ఏడ ఉంచాల్నో నువ్వే చెప్పు."

బుల్లమ్మ ఆలోచనలో పడింది. కూతురింట్లో నల్లా ఉంది, ఫ్యానుంది. అయినా ఆమె మనసు అటు పోలేదు.

"చెల్లెకాడ తీసేస్తే అది మళ్ల ఒక్కతే అయితది సారూ," అంది.

దడి పక్క నుంచి అంతా వింటున్న నాగలక్ష్మి ఇక ఆగలేకపోయింది.

"ఈడనే ఉంచున్రి సార్. ఆమె పోతే నేనెవరితోని కొట్లాడాలె?"

బుల్లమ్మ ప్రవీణ్‌కుమార్ వైపు తిరిగి, "విన్నరు గద సారూ, ఉంచున్రి," అంది.

ప్రవీణ్‌కుమార్ అక్కడివాళ్లకూ ఇక్కడివాళ్లకూ ఫోన్లు చేసి, బతిమాలి, ఆమెను ఒక్క మనిషిని చేశాడు. బుల్లమ్మ ఆ వారమే జగర్గుండా వెళ్లి, వద్దంటున్నా వినకుండా చెల్లెల్ని మూటాముల్లెతో తన ఇంటికి తెచ్చేసుకుంది. ప్రవీణ్‌కుమార్ ఆ దారిన వెళ్తూ, అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న కొత్త మనిషిని చూశాడు. ఎవరని, ఏ ఊరి లెక్కలో మనిషని అడగలేదు. బండి వేగం పెంచాడు.