తెరెసా మేడమ్ ఎవరి పేరూ చెప్పలేదు

చెన్నై షోళింగనల్లూరులో మా ఆఫీసు ప్రహరీకి ఎవరో పొద్దున్నే ఎన్నికల పోస్టర్లు అంటించి పోయారు. క్యాబ్ దిగేసరికి మైదా జిగురు పచ్చివాసన గుప్పున కొట్టింది. పోస్టర్లలో తండ్రీ, కొడుకూ, కోడలూ వరసగా నవ్వుతున్నారు. నాకు తెరెసా మేడమ్ గుర్తొచ్చారు. ఇదే రోడ్డు మీద ఉన్న నా పాత కంపెనీలో ఆవిడ నా మొదటి మేనేజరు. ఫిలిప్పీన్స్ మనిషి. ఇలాంటి పోస్టర్ కనిపిస్తే చాలు, ఆగి "వీళ్లంతా ఒకే ఇంటివాళ్లా?" అని అడిగేవారు. ఔనంటే తలూపి ముందుకు నడిచేవారు.

ఆవిడ పుట్టిన ప్రావిన్స్ చెరకు పండే ఒక దీవి. దాని రాజకీయ చరిత్రను మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఎవరింటి సంగతో అన్నట్టు చెప్పేవారు. స్పెయిన్ వాళ్ల కాలంలో తోటలన్నీ కొన్ని కుటుంబాల చేతికి వచ్చాయి. తర్వాత అమెరికన్లు ఎన్నికలు పెట్టారు గానీ, మొదట్లో ఆస్తో చదువో ఉన్నవాళ్లకే ఓటు. దాంతో తోటల యజమానులే గెలిచి, ప్రావిన్స్‌ను ఏలే గవర్నర్లయ్యారు. చాలా ఏళ్లకు నియంత పాలన పోయాక, వరసగా మూడు పదవీకాలాలకు మించి ఎవరూ గవర్నరుగా ఉండకూడదన్నారు. "మంచి నియమమే. గడువు తీరగానే భార్య నిలబడుతుంది, లేకపోతే కూతురు," అని నవ్వేవారు. ఆ గవర్నర్లలో ఒకరు ఆవిడ తండ్రేనని నాకు చాలాకాలం తెలియదు.

తెలిసింది మా పాప నామకరణం రోజున. మాది తాతల నాటి నుంచీ చింతాద్రిపేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం. మా అమ్మకు నా ఉద్యోగం మీదున్న భక్తి దేవుడి మీద కూడా లేదు. మేడమ్ గుమ్మం దగ్గర కనబడగానే నా చెవిలో, "ఆయమ్మ ఆడ నిలబడుకోనుంది, ఈడికి పిల్చుకోని రా. బిడ్డ చెవిలో పేరు ఆమెనే చెప్పనీ. రేపు నీకు ప్రమోషన్ ఇచ్చేది ఆమెనే కదా!" అంది. నేను పాపను ఆవిడ చేతుల్లో పెట్టబోతే మేడమ్ రెండు చేతులూ వెనక్కి తీసుకున్నారు. అమ్మ ముఖం మాడిపోయింది.

భోజనాలయ్యాక మేడమ్ మేడ మీద నాతో చెప్పారు. "మా నాన్న గవర్నరు. ఊళ్లో ప్రతి పెళ్లికీ, ప్రతి బాప్తిస్మానికీ ఆయన్నే జ్ఞానతండ్రిగా, అంటే పెద్దదిక్కుగా నిలబడమని పిలిచేవాళ్లు. వెళ్లేవాడు, కానుక ఇచ్చేవాడు. ఇక ఆ ఇంట్లో ఎవరికీ ఆయన్ని కాదనడానికి నోరు వచ్చేది కాదు." తండ్రి గడువు తీరినప్పుడు, ఒక్క మాటైనా అడక్కుండా ఈవిడ బొమ్మతో పోస్టర్లు వేయించారట. ఈవిడ దేశమే వదిలి వచ్చేశారు. తమ్ముడు నిలబడి గెలిచాడు.

కొన్నాళ్లకు ఆవిడకు సింగపూర్ బదిలీ అయింది. ఆవిడ కుర్చీ నాదేనని టీమంతా ముందే అభినందనలు చెప్పేసింది. మా ఆయన ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న రోజులవి. ఆ సంగతి మేడమ్‌కు తెలుసు. అయినా ఎవరి పేరూ సిఫారసు చేయలేదు. మమ్మల్ని ఎరగనివాళ్లతో ఇంటర్వ్యూలు పెట్టించారు. పదవి తొండియార్‌పేట నుంచి వచ్చే మా టీమ్ సెల్వికి దక్కింది.

ఆవిడ వెళ్లే రోజున ఉండబట్టలేక అడిగేశాను.

"మీరు ఒక్క మాట అంటే చాలు కదా మేడమ్?"

"చాలు. అందుకే అనలేదు."

"నాకెంత అవసరమో తెలిసి కూడానా?"

"తెలిసే. మా నాన్న కూడా అవసరంలో ఉన్నవాళ్లకే ఇచ్చేవాడు."

నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పలేకపోయాను.

మరుసటి ఏడాది ఇప్పటి కంపెనీలో, నా ముఖం ఎన్నడూ చూడని ముగ్గురు ప్రశ్నలు వేసి నన్ను మేనేజరుగా తీసుకున్నారు. ఆ మధ్యకాలంలో ఇల్లు ఎలా నడిచిందో నాకే తెలుసు. అందుకే ఆవిడ మీద కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోవాలని నేను పట్టుబట్టడమూ లేదు.

మొన్న మా డైరెక్టరు తన మేనల్లుడిని నా టీమ్‌లో చేర్చుకోమన్నాడు. "అందరిలాగే ఇంటర్వ్యూకు రమ్మనండి సార్," అన్నాను. ఆయన మేనల్లుడి రెజ్యూమే నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. నిన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టింది నేను కదా అనడానికి ఆయనకు వీల్లేదు. ఆ మాట అనగలిగినవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు.