చుట్టకు తొడిగిన బంగారు పట్టీ

1968 వేసవిలో నేను శ్రీకాకుళంలో ఒక చుట్టల కంపెనీకి ట్రావెలర్‌గా చేరాను. ట్రావెలర్ అంటే ఊరూరూ తిరిగి కొట్లలో ఆర్డర్లు రాసుకొచ్చే మనిషి. కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, అందులో చుట్టలు చుట్టే ఆడవాళ్ళు, యజమాని సింహాచలం నాయుడుగారు. పైన ఆయన, కింద నేను. ఇప్పటి కుర్రాళ్ళు మెడకు టై బిగించుకుని, చల్లటి గదిలో కూర్చుని మార్కెట్ సర్వే గురించి ఉపన్యాసాలిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను ఆ విద్యను శ్రీకూర్మంలో ఒక కిళ్ళీకొట్టు వెనక నేర్చుకున్నాను.

నాయుడుగారికి పొగాకంటే ప్రాణం. ఆకును వేళ్ళతో నలిపి వాసన చూస్తే గానీ కొనేవారు కాదు. ఒకసారి విశాఖపట్నంలో ఎవరింట్లోనో బంగారు రంగు కాగితం చుట్టిన సీమ చుట్టను చూశారు. ఇక నిద్ర పట్టలేదు. వాళ్ళమ్మ అప్పలనరసమ్మగారి బొమ్మతో శివకాశిలో పట్టీలు అచ్చువేయించి, ప్రతి చుట్టకూ నడుమన జిగురుతో అంటింపజేశారు. “సూడరా, మాయమ్మ దొరసానిలాగున్నాదా, నేదా?” అని షెడ్డుకు వచ్చిన ప్రతివాడినీ అడిగేవారు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

మొదట్లో సరుకు బాగా కదిలింది. తర్వాత స్టాకిస్టులు, అంటే చిన్న కొట్లకు సరుకు వేసే టోకు వర్తకులు, కట్టలు వెనక్కి పంపడం మొదలుపెట్టారు. కారణం అడిగితే బజారు మందకొడిగా ఉందనేవారు. చుట్ట బాగాలేదని ఒక్కరూ అనలేదు. నాయుడుగారు కట్టకో అగ్గిపెట్టె ఉచితమన్నారు. అగ్గిపెట్టెలు అయిపోయాయి, చుట్టలు మిగిలాయి. దసరాలోగా అమ్మకం కోలుకోకపోతే షెడ్డు మూసేసి పొలం చూసుకుంటానన్నారు. అదే జరిగితే ఆ ఆడవాళ్ళకూ నాకూ పని పోతుంది.

కొట్టువాళ్ళు చెప్పేది విని లాభం లేదని, కొనేవాళ్ళ చేతులు చూడాలని నిశ్చయించుకున్నాను. ఒక ఆదివారం శ్రీకూర్మం వెళ్ళి, గుడికి పోయే దారిలో పైడయ్య కొట్టు వెనక గోనెసంచి మీద కూర్చున్నాను. మధ్యాహ్నానికి సంగతి కొంత తెలిసింది. మగవాళ్ళు మా చుట్ట తీసుకుంటున్నారు. ఆడవాళ్ళు ముట్టుకోవడం లేదు. మా జిల్లాలో చుట్టలు ఎక్కువగా కొనేది ఆడవాళ్ళే.

ఎందుకు ముట్టుకోవడం లేదో అర్థమయ్యేలోపు ఒక గొంతు వినబడింది. “పైడయ్యా, ఆ బోడిసుట్టలు రెండు కట్టలియ్యి.” తల ఎత్తి చూస్తే దర్శనం చేసుకుని వస్తున్న అప్పలనరసమ్మగారు! అడుగుతున్నది పట్టీ లేని పోటీ కంపెనీ చుట్టలు.

“ఓలమ్మ! నువ్వేటిరా గుంటడా, ఈడ నక్కున్నావు?” అన్నారు.

మన చుట్టలుండగా ఇవెందుకని అడిగాను. ఆమె నన్ను పక్కకు పిలిచి కింది పెదవి చూపించారు. లోపల బొబ్బ. “పట్టీకాడికి నిప్పొచ్చేతలికి కాగితం, జిగురు అన్నీ నోట్లోనే కాల్తన్నాయి. ఊడబీకితే ఆకు కూడా ఊడొస్తన్నాది.”

మా వైపు ఆడవాళ్ళు కాల్చేది అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. నాట్లు వేసేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు, అలా పెట్టుకుంటే గాలికి నిప్పు ఆరదు. అది మంచి అలవాటని నేననను. నోటికి అదెంత చేటో తర్వాత తెలిసింది. కానీ అడ్డపొగ సంగతి మా జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పట్టీ అంటించేటప్పుడు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

కొడుక్కి ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఎలాగ సెప్తాన్రా? నా బొమ్మేసుకుని ఊరంతా సూపించుకుంటన్నాడు. నువ్వూ సెప్పకు” అన్నారు.

సరేనన్నాను. బస్సులో దారి పొడుగునా ఆలోచించాను. చెప్పకపోతే షెడ్డు మూతపడుతుంది. మర్నాడు పొద్దున్నే చెప్పేశాను. నాయుడుగారు మండిపడ్డారు. “మాయమ్మ పరాయోడి సుట్ట కాలుస్తాదా? నీ కళ్ళకేటయినాదిరా?” అని అరిచి, అప్పటికప్పుడు తల్లిని షెడ్డుకు పిలిపించారు.

ఆవిడ వచ్చి నన్నొక చూపు చూశారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, “ఒరే సిమ్మాచలం, నా బొమ్మని నాసేతే, నా నోట్లోనే కాల్పిస్తావేటిరా?” అన్నారు.

చుట్టలు చుట్టే ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళూ అడ్డపొగ తాగేవాళ్ళే, వాళ్ళ పెదవులూ కాలినవే. చివరకు నాయుడుగారూ నవ్వేశారు. ఆ వారంలోనే పట్టీని చుట్ట మీద నుంచి తీసేసి కట్ట పైకాగితానికి అంటించాం. దసరాకు ముందే వాపసులు ఆగాయి. షెడ్డు మూతపడలేదు. అప్పలనరసమ్మగారు మాత్రం నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు సబ్బులు, టీపొడి, గొడుగులు, ఏవేవో అమ్మాను. ఫిర్యాదు రాలేదు గనక సరుకు బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోలేదు. మనమంటే గిట్టనివాడు మొహం మీదే తిట్టి పోతాడు. మనమంటే ఇష్టమున్నవాళ్ళు మన మనసు నొప్పించలేక, చెప్పకుండా పక్కకొట్టుకు పోతారు. అమ్ముకునేవాడు ముందుగా వెళ్ళి కలవాల్సింది వాళ్ళనే.