మేకల బాట, గార్డు మామ ఈల

మేం మేకలు తోలుకునే కాలంలో కొండ ఎక్కడమంటే పని. కట్టెలకో, సీతాఫలాలకో, తప్పిపోయిన మేక కోసమో ఎక్కేవాళ్ళం. ఇప్పుడు టికెట్టు కొని, బూట్లేసుకొని, నీళ్ళ సీసా పట్టుకొని ఎక్కుతున్నారు. దిగొచ్చి బాగుందంటున్నారు. (నేను చెప్పింది చెప్పినట్టే రాయి పాపా, దిద్దొద్దు.) తనకల్లు అవతల మా ఊరి కొండకు ఫారెస్టువాళ్ళు కంచె వేసి, నెమళ్ళను చూడ్డానికి వేసిన బాట ఉంది చూడు, ముసలివాళ్ళు కూడా కర్ర లేకుండా ఎక్కేయొచ్చు. అది సగం దూరంలో పెద్ద గుండురాయి దగ్గర నేరుగా పోకుండా కొండను చుట్టుకుని తిరుగుతుంది. ఎందుకట్లా తిరుగుతుందో బోర్డు మీద రాయలేదు. నాకు తెలుసు. నా కడుపుమంట వల్ల తిరుగుతుంది.

అప్పుడు నాకు పదహారేళ్ళు. మా పెద్దనాయన కూతురు నాకంటే ఏడాది పెద్ద. నోరు విప్పేది కాదు కాబట్టి ఊళ్ళో అందరూ గమ్మునక్క అనేవాళ్ళు. ఇద్దరం కలిసే మేకలు తోలేవాళ్ళం. కొండ మీద ఏ పొద కింద నీడ ఉంటుందో ఆమెకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. (కొంచెం నాకే ఎక్కువ.) ఒకరోజు ఫారెస్టు గార్డు మా వాకిట్లో సైకిలు దిగాడు. చుట్టం కాకపోయినా ఆయన్ను మామా అనేవాళ్ళం. పెద్దసారు కొండ చూడ్డానికి వస్తున్నాడట, ఆలోగా బాట వేయాలట, దారి తెలిసిన పిల్ల కావాలట. ఆయన మాట పూర్తయ్యేలోగా నేను చెప్పులేసుకున్నాను.

“నువ్వొద్దులేమ్మీ,” అన్నాడు.

“ఏం మామా, నాకు దోవ తెల్దా?”

“దోవ తెల్సు. నోరే నిలవదు. నువ్వు వస్తాండావని తెలిస్తే నెమిళ్ళు కదిరి దాకా ఎగిరిపోతాయి. సారుకు ఏం చూపియ్యాల నేను?”

మా నాయన పకపకా నవ్వాడు. సొంత నాయన. అది చాలదన్నట్టు గార్డు మామ తన మెడలోని ఇత్తడి ఈల తీసి గమ్మునక్క మెడలో వేశాడు. ఎర్రతాడు కూడా ఉంది దానికి. నోరు విప్పని మనిషికి ఈల ఎందుకు, నువ్వే చెప్పు.

మూడు రోజులు ఆమె రాళ్ళకు సున్నం పూసి బాటకు అటూ ఇటూ పేర్చింది. సాయంత్రం మా గోడ పక్కగా పోతూ ఒక్కసారి ఊదేది. నేను సంగటి ముద్ద తట్టలోనే వదిలేసి లేచేదాన్ని. నా మేకలు సైతం తలెత్తి ఆమెవైపు చూసేవి. అది నేను ఓర్చుకోలేకపోయాను. సారు వచ్చే ముందురోజు మధ్యాహ్నం, ఆమె అన్నానికి దిగగానే, మేకలతో సహా పైకెక్కి, గుండు దగ్గర నేరుగా పోయే రాళ్ళన్నీ పీకి మేకల బాటకు మార్చేశాను. మేకలు కూడా తొందర లేనప్పుడే పోయే బాట అది. సారు దారి తప్పాలి, ఆమె మెడలోంచి ఈల ఊడాలి, నా మెడలో పడాలి. (చదివినవాళ్ళు నన్ను చెడ్డదంటారా? అననీ, రాయి.)

మర్నాడు గుండు చాటున నక్కి కూర్చున్నాను. సారుకు పొట్ట ముందు, మనిషి వెనక. అప్పటికే రొప్పుతున్నాడు. రాళ్ళు పక్కకు తిరగడం చూసి గార్డు మామ బిత్తరపోయాడు. గమ్మునక్క రాళ్ళను చూసింది, నేలను చూసింది, ఒక్క మాట అనలేదు. సారు రాళ్ళ వెంబడే నడిచాడు. మేకల బాటకు ఏటవాలు ఉండదు కదా, ఆయన రొప్పు తగ్గింది. మలుపు తిరగగానే తంగేడు పొదల నీడలో నాలుగు నెమళ్ళు, ఒకటి పురి విప్పి మరీ నిలబడి ఉంది.

“ఎక్కినట్టే లేదే. ఎవురప్పా ఈ బాట ఏసింది?” అన్నాడు సారు.

“ఈ పాపే సార్,” అన్నాడు గార్డు మామ, తానూ సగం నమ్ముతూ.

నేనే సార్ అని అరవాలని నోరు తెరిచాను. అరిస్తే రాళ్ళెందుకు మార్చావని అడుగుతారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. ఆ ఈల నువ్వే ఉంచుకోమ్మా అని సారు ఆమెకే ఇచ్చేశాడు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు తేడా తెలిసినట్టు లేదు.

పోయిన ఆదివారం నన్నూ గమ్మునక్కనూ ఆ కొండకు తీసుకుపోయింది నువ్వే కదా. నువ్వు ఫోటోలు తీసుకుంటూ ముందుకు పోయావు, మేం మలుపులో బెంచీ మీద కూలబడ్డాం. ఎందుకో నోరు జారింది.

“అక్కా, ఆ పొద్దు రాళ్ళు జరిపింది నేనే.”

“తెల్సు. రాళ్ళ మధ్యన అంతా నీ మేకల పెంటికలే.”

“మరి సారుకు చెప్పలేదే?”

“చెప్పింటే ఈల నీకిచ్చేటోడు.”

కడుపులో ఏ కుళ్ళూ లేని మనిషని ఇన్నేళ్ళూ ఈమెను చూసి కుళ్ళుకున్నాను. ఆమె కొంగుముడి విప్పి అదే ఈల నా చేతిలో పెట్టింది. ఊదాను. లోపలి గింజ ఎప్పుడు పడిపోయిందో, ఉస్సని గాలి తప్ప ఏమీ రాలేదు. ఇమ్మని చేయి చాచింది. ఇవ్వలేదు. ఇదిగో, నా కొంగున ఉంది.

దిగేటప్పుడు మా ఇద్దరి ముసలి మోకాళ్ళు ఒక్కసారి కూడా పట్టలేదు, అంత మెత్తని మలుపు. ఎర్రటి ఎండలో కడుపుమంటతో రాళ్ళు మోసిన ఆ పదహారేళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు పాపమనిపిస్తుంది. ఎవరి కోసం మోస్తోందో దానికి తెలియదు.