టీచరు గారి బైనాక్యులర్స్, నా కళ్ళు

పొద్దున్నే కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీస్తుంటే, వెనకాల చెరువు గట్టు మీంచి తీతువు కూత వినపడింది. ఎదురింటి కోడలు పిల్ల ఠపీమని కిటికీ తలుపు వేసేసి, "పొద్దు పొద్దున్నే ఈ పాడు కూత ఏంటండీ పిన్నిగారూ, ఎవరికి మూడిందో!" అంది. నేను ఏదో ఒకటి చెప్పేలోపే నా చెయ్యి దానంతటదే గోడ మేకు మీదకి వెళ్ళింది. అక్కడ బైనాక్యులర్స్ వేలాడుతూ ఉంటాయి. కళ్ళకి ఆనించుకునేచోట రబ్బరు మెత్తబడిపోయి, అందులో కొబ్బరినూనె వాసనా, చేతి చెమట వాసనా కలిసిపోయాయి. ఆ వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, పక్కనే కరుణమ్మ టీచరు గారు నించుని "ఏం కనపడుతోందే మంగా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది.

ఆవిడని మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. పాలకొల్లు దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పొట్టిగా, నిటారుగా, ఎప్పుడూ తెల్లటి నేతచీరలో ఉండేవారు. భర్త పోయాక ఒక్కరే. ఆదివారం చర్చికి ఎంత ఠంచనుగా వెళ్ళేవారో, మిగతా రోజుల్లో చెరువు గట్టుకి అంత ఠంచనుగా వెళ్ళేవారు. వాళ్ళింటి వెనక వాటాలో నేను అద్దెకి దిగి జాకెట్లు కుట్టుకునేదాన్ని. తన జాకెట్టుకి లోపలివైపు చిన్న జేబు కుట్టించుకునేవారు, అద్దాలు తుడుచుకునే గుడ్డ పెట్టుకోడానికి. మెళ్ళో గొలుసు ఉండాల్సిన చోట బైనాక్యులర్స్ ఉండేవి. రొయ్యల చెరువు కాపలా సూరిబాబు, "ఏంటండీ టీచరు గారూ, మా రొయ్యలు లెక్కెడుతున్నారా?" అని వేళాకోళం చేసేవాడు. "రొయ్యల్ని కాదు నాయనా, నువ్వు కునుకు తీస్తుంటే వాటిని తింటున్న కొంగల్ని" అనేవారావిడ.

కనపడ్డ ప్రతివాళ్ళ చేతికీ ఆ బైనాక్యులర్స్ ఇచ్చి చూడమనేవారు. మనవైపు మనుషుల సంగతి తెలిసిందే కదా, పెద్దావిడ అంత ఇదిగా ఇస్తే కనపడలేదని ఎలా అంటాం? అందరూ ఓ క్షణం కళ్ళకి ఆనించుకుని, "అబ్బో, బ్రహ్మాండంగా కనపడుతోందండి" అని తిరిగి ఇచ్చేసేవారు. నేనూ అంతే. నిజానికి నాకు కనపడేవి రెండు నల్లటి గుండ్రాలు, మధ్యలో నా రెప్పవెంట్రుకలు. నా కుడికన్ను చిన్నప్పటినుంచీ మందం. సూదిలో దారం కూడా ఎడంకన్నుతోనే ఎక్కిస్తాను. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇవి చదువుకున్నవాళ్ళకే కనపడతాయేమో అని కూడా అనుకునేదాన్ని. ఒకరోజు ఆవిడ, "అదుగో, కరెంటు తీగ మీద లకుముకి పిట్ట. చూశావా?" అన్నారు. "చూశానండి, ఎంత బాగుందో" అన్నాను. "తీగ మీద ఏమీ లేదే" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నేను అడిగింది మర్యాద కాదు మంగా, పిట్ట" అన్నారు.

ఆ ఏడు వానలకి ఆవిడ పాత బైనాక్యులర్స్‌కి అద్దాల లోపల బూజు పట్టేసింది. బియ్యం డబ్బాలో పెట్టి చూశారు, ఎండలో పెట్టి చూశారు, పోలేదు. సరిగ్గా అప్పుడే ఆవిడ చూపు కూడా చెడింది. నడిమధ్య మచ్చ పడుతోందని, పోయిన చూపు ఇక తిరిగి రాదని కంటి డాక్టరు చెప్పారు. చుట్టుపక్కల కనపడుతుంది, చూడాలనుకున్నది మాత్రం కనపడదు. "నీ మొహం చూద్దామంటే చెవులు కనపడుతున్నాయే" అని నవ్వారు గానీ, ఆ వారమంతా గట్టుకి వెళ్ళలేదు. వీధి గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పిట్టలు లేకపోతే ఈవిడ మంచానికి అంటుకుపోతారని నాకు భయం పట్టుకుంది. కొత్తవి కొంటే కాస్త తేటగా కనపడుతుందేమోనని నేనే పోరుపెట్టాను. చివరికి, "అయితే నువ్వూ రా, రాజమండ్రి వెళ్దాం" అన్నారు.

గోదావరి గట్టుకి దగ్గర్లో, మేడమీద కొట్టు. కొట్టాయన అన్నిటికన్నా పెద్దది, చంటిపిల్లంత బరువున్నది, తీసి బల్లమీద పెట్టి, "ఇది తీసుకోండి మేడం గారూ, చంద్రుడి మీద గుంటలు కూడా కనపడతాయి" అన్నాడు. "గుంటలు మా ఊరి రోడ్డు మీదే బోలెడున్నాయండి, వాటికి ఇదెందుకు?" అన్నారావిడ. మరీ పెద్దగా చూపించేదైతే చెయ్యి వణికినప్పుడల్లా పిట్ట కూడా వణుకుతుందని నాకు చెప్పారు. ఒక్కొక్కటే తీయించి డాబా మీదకి పట్టుకెళ్ళి, తను చూసీ చూడకుండానే నా చేతికి ఇచ్చేసేవారు. "కనపడిందా?" ఈసారి మర్యాదకి పోలేదు నేను. "లేదండి, రెండు గుండ్రాలు." "మరి ఇది?" "లేదండి." నాకు లోపల ఒకటే కంగారు, కొనుక్కునేది ఆవిడైతే నా కళ్ళతో ఏం పని? కొట్టాయన కూడా విసుగెత్తి, "అమ్మా, చూసేది మీరా, ఈవిడా?" అన్నాడు. టీచరు గారు నావైపు తిరిగి, "నా జాకెట్టు కుట్టేటప్పుడు సూది నీకు కనపడాలా, నాకా?" అన్నారు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఇకమీదట ఆవిడకి పిట్టలు నా నోటివెంట రావాలి. "నావల్ల కాదండి. నాది ఒంటికన్ను చూపు" అన్నాను. "కొలతకి ఆది జాకెట్టు లేకుండా గుడ్డ కోస్తావా నువ్వు? ఇన్నాళ్ళూ నా జాకెట్టు నీకు తొడిగి, పట్టలేదేంటా అనుకున్నాం" అంటూ, ఒక చిన్న జతని తీసుకుని నా ముక్కు దగ్గరగా మడిచారు. నా కళ్ళు కాస్త దగ్గరగా ఉంటాయట. మిగతావి అంత దగ్గరకి మడతపడలేదు. కుడికన్ను దగ్గర సన్నటి చక్రం ఉంది, దాన్ని పిసరు పిసరు తిప్పమన్నారు. తిప్పుతుండగా ఆ రెండు గుండ్రాలూ ఒకదాని మీదకి ఒకటి జరిగి ఒక్కటైపోయాయి. దాని మధ్యలో, రేవులో పాతిన గడకర్ర మీద, ఉతికిన జాకెట్టు ఆరేసినట్టు రెక్కలు చాపుకుని ఒక నీటికాకి! "అమ్మో" అన్నాను. "ఏంటి?" "ఎడం రెక్క కొసన ఒక ఈక చిరిగిందండి, టీచరు గారూ. కళ్ళు పచ్చరాళ్ళలా ఉన్నాయండి." ఆవిడ కొట్టాయనతో, "ఇదే ఇవ్వండి" అన్నారు.

మర్నాటినుంచి గట్టు మీద ఇద్దరం. బైనాక్యులర్స్‌తో వచ్చిన తాడు మెడకి ఒరుసుకుంటోందని, మిగిలిన లైనింగు గుడ్డతో మెత్తటి పట్టీ కుట్టుకున్నాను. నేను చూసి చెప్పడం, ఆవిడ కళ్ళు మూసుకుని వినడం. ఊరికే "కొంగండి" అంటే ఒప్పుకునేవారు కాదు. "ముక్కు ఎలా ఉంది?" "మూసినా మధ్యలో కలవడం లేదండి. హుక్కు పట్టని జాకెట్టులా సందుంది." "నత్తగుల్ల కొంగే!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఇంకోరోజు తీతువు కనపడితే గబుక్కున దించేశాను. "చెడ్డ పిట్టండి, వద్దులెండి." "చెడ్డదని ఎవరో చెప్పారు. నువ్వు చూసింది చెప్పు." మళ్ళీ పెట్టుకుని చూశాను. నల్లటి రొమ్ము, కాళ్ళకి పసుపు రాసుకున్నట్టు, కళ్ళ ముందు కుంకుమ దిద్దుకున్నట్టు. "పేరంటానికి బయల్దేరినట్టుందండి" అన్నాను. దాని వెనక మట్టిగడ్డల మధ్య మట్టిరంగు పిల్లలు కదులుతున్నాయి. "చూశావా, పిల్లల దగ్గరకి రావద్దని మనమీద అరుస్తోంది. మన చావుకబుర్లు దానికెందుకే?" అన్నారు.

ఆఖరి రోజుల్లో గట్టుదాకా రాలేకపోయారు. మంచం కిటికీ దగ్గరకి జరిపి, పక్కన కూర్చుని చూసి చెప్పేదాన్ని. ఒకరోజు పొద్దున మాట బాగా నీరసించిపోయింది. "ఏం కనపడుతోందే?" అన్నారు. చెరువు మీద ఒక్క పిట్ట లేదు. లకుముకి ఉందంటే ఆ మొహం విప్పారుతుందని నాకు తెలుసు. మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "ఏమీ కనపడలేదండి. గాలికి నీళ్ళు కదులుతున్నాయి, అంతే" అన్నాను. ఆవిడ నా చెయ్యి తడుముకుని పట్టుకున్నారు. "అందుకే మంగా, ఉందని నువ్వు చెప్పిన ప్రతి పిట్టనీ నేను చూశాను" అన్నారు.

ఆవిడ పోయాక తమ్ముడి కూతురు వచ్చి ఇల్లు సర్దింది. బైనాక్యులర్స్ తెచ్చి నా మిషను మీద పెట్టి, "ఇది అత్తయ్య మీ ఆదికి కొన్నదట కదండీ. మా ఎవరి కళ్ళకీ పట్టడం లేదు" అంది. ఇప్పటికీ ఎవరన్నా గుడ్డ తెచ్చి దారం రంగు కలిసిందా అంటే, కలవకపోతే కలవలేదనే చెబుతాను. బ్యాంకులో అమ్మాయి "అర్థమైందా అమ్మా?" అంటే, "కాలేదమ్మా, ఇంకోసారి చెప్పు" అంటాను. ఆ మాట అనడానికి సిగ్గుపడక్కర్లేదని నేర్పిన మనిషి ఆవిడ.

ఈ వేళ ఎదురింటి కోడలు పిల్లని పెరట్లోకి పిలుచుకొచ్చి, గట్టు మీద తీతువుని చూపించి, బైనాక్యులర్స్ చేతికిచ్చాను. ఓ క్షణం కళ్ళకి ఆనించుకుని, "అబ్బో, బాగా కనపడుతోందండి పిన్నిగారూ" అని వెంటనే తిరిగి ఇవ్వబోయింది. నాకు నవ్వొచ్చింది. తీసుకోలేదు.

"ఉండమ్మా," అన్నాను, "అది నా కొలతకి ఉంది. ముందు నీ కళ్ళకి సర్దనీ."